మొదటి మినియేచర్‌కి రంగులు వేయడం ఎలా: స్ప్రూ కత్తిరించడం నుంచి వార్నిష్ దాకా

టేబుల్‌టాప్ యుద్ధ ఆటల్లో మామూలు సైనికుడి బొమ్మ, అంటే మినియేచర్, 28 నుంచి 32 మి.మీ. ఎత్తు ఉంటుంది. ముఖం నాలుగైదు మిల్లీమీటర్లు. అది చేతిలోకి తీసుకోగానే చేయి వణుకుతుందేమోనని అందరికీ భయం వేస్తుంది. మోచేతులు టేబుల్‌కి ఆనించి, రెండు మణికట్లు ఒకదానికొకటి తాకించి పట్టుకుంటే వణుకు చాలావరకు సర్దుకుంటుంది. కొత్తవాళ్ల బొమ్మలు ఎక్కువగా పాడయ్యేది తడి దగ్గర. కుంచెలో నీరెంత ఉంది, రంగులో ఎంత కలిసింది, కిందిపూత ఎంతవరకు ఆరింది అన్నవి తెలియక పాడవుతాయి. రంగు ముద్దలుగా అంటుకున్నా, గుంటల్లోకి వరదలా పారినా, ఆరాక అంచుల వెంట మరకలు తేలినా కారణం ఇక్కడే వెతకాలి.

ఇందులో ఉదాహరణకి ఒక సైనికుణ్ణి తీసుకుందాం. ఉక్కు కవచం, వీపు మీద ఎర్ర కేప్, తోలు బెల్టు, బూట్లు, తెరిచి ఉన్న ముఖం, చేతిలో కత్తి. మొదటి బొమ్మగా ఇలాంటి పదాతి సైనికుడే మంచిది. పెట్టెలో ఉన్నవాటిలో అందంగా కనిపించే సేనాపతినో డ్రాగన్‌నో ముందు మొదలుపెట్టకండి. వాటికి విశాలమైన నున్నటి భాగాలుంటాయి, రంగులో ఏ చిన్న తేడా ఉన్నా అక్కడ దాగదు. వీలైతే ప్లాస్టిక్ బొమ్మే ఎంచుకోండి. లోహపు బొమ్మకి ఫైల్ పని ఎక్కువ. రెసిన్ బొమ్మని సానపడితే వచ్చే పొడి ఊపిరితిత్తులకి మంచిది కాదు, కాబట్టి మాస్కు పెట్టుకుని తడిపి రుద్దాలి.

ఏమేం కావాలి

కుంచెలతో మొదలుపెడదాం, ఎందుకంటే డబ్బు వృథా అయ్యేది ఇక్కడే. బొమ్మ చిన్నది కదా అని చాలామంది 000 సైజు కుంచె కొంటారు. దాని పొట్ట చిన్నది, అందులో పట్టే రంగు చిటికెడు. బొమ్మ దగ్గరికి వెళ్లేలోపే కొస ఆరిపోతుంది. సైజు 1 లేదా 2 గుండ్రటి కుంచె, కొస సూదిలా నిలిచేది ఒకటి కొనుక్కుంటే కళ్లు కూడా దానితోనే వేయొచ్చు. కొలిన్‌స్కీ సేబుల్ వెంట్రుకల కుంచె అన్నిటికన్నా మేలు. సింథటిక్ కుంచెల కొసలు కొన్నాళ్లకి కొక్కెంలా వంగుతాయి, అయినా నేర్చుకోవడానికి అవి చాలు. దీనికి తోడు డ్రై బ్రష్ (దాదాపు పొడి కుంచెతో ఎత్తు చోట్ల మాత్రమే రంగు తాకించడం) కోసం మెత్తటి గుండ్రటి మేకప్ బ్రష్ ఒకటి, జిగురుకి, రంగు కలపడానికి పాత కుంచె ఒకటి ఉంటే సరిపోతుంది.

రంగులు మినియేచర్ల కోసం తయారయ్యే యాక్రిలిక్‌లే తీసుకోండి. సిటడెల్, వల్లెహో, ఆర్మీ పెయింటర్ లాంటి బ్రాండ్లు ఏవైనా పరవాలేదు. చేతిపనులకి అమ్మే పెద్ద సీసాల యాక్రిలిక్‌లో రంగుపొడి ముతకగా ఉంటుంది. పలచన చేస్తే కప్పదు, చిక్కగా వేస్తే వివరాలు పూడిపోతాయి. నేపథ్యపు గుట్టలకి, బేస్‌లకి (బొమ్మ నిలబడే కాళ్ల కింది బిళ్లలకి) అది వాడుకోవచ్చు. పెద్ద సెట్ అక్కర్లేదు. మన సైనికుడికి కావాల్సినవి ఇవి: నలుపు, ఎముక తెలుపు, ముదురు ఎర్ర గోధుమ, ఎరుపు, తోలు గోధుమ, చర్మపు రంగు, ఉక్కు లోహపు రంగు, ఒక గోధుమ రంగు వాష్ (గుంటల్లో నీడలకి వాడే పలచటి రంగు). ఎనిమిది సీసాలు. స్వచ్ఛమైన తెలుపు కన్నా ఎముక తెలుపు వాడితే హైలైట్లు (వెలుగు పడే చోట వేసే లేత రంగు) సుద్దలా కనిపించవు.

మిగతావి: ఒకవైపు చదునుగా ఉండే స్ప్రూ కట్టర్ (స్ప్రూ అంటే బొమ్మ ముక్కలు అతుక్కుని వచ్చే ప్లాస్టిక్ చట్రం), పదునైన హాబీ కత్తి, 400 నుంచి 600 గ్రిట్ సాండ్‌పేపర్, ప్లాస్టిక్ సిమెంట్, టిష్యూ పేపర్, రెండు నీళ్ల కప్పులు. రెండో కప్పు లోహపు రంగుల కోసం. వాటిలో మెరిసే సన్నటి రేకులు ఉంటాయి, కుంచె అదే నీళ్లలో కడిగితే తర్వాత వేసే కేప్ మీద, ముఖం మీద తళతళలు తేలతాయి. దీపం తెల్లటి కాంతి ఇవ్వాలి, 5000 నుంచి 6500 కెల్విన్ మధ్య ఉన్న బల్బు చూసుకోండి. పసుపు వెలుతురులో కుదిరిందనుకున్న ఎరుపు పగటి వెలుతురులో వేరేలా ఉంటుంది.

కత్తిరించడం, గీకడం, అతికించడం

ముక్కని స్ప్రూ నుంచి ఒకే దెబ్బకి మొదలంటా కత్తిరించకండి. మొదటి కోత ముక్కకి రెండు మూడు మిల్లీమీటర్ల దూరంలో పడాలి. ముక్క చేతికి వచ్చాక, కట్టర్ చదును వైపుని ముక్కకి ఆనించి మిగిలిన మొటిమని తీసేయండి. ఒకేసారి దగ్గరగా కోస్తే ఒత్తిడికి ప్లాస్టిక్ తెల్లబారుతుంది, లేదా గుంట పడుతుంది. గుంటని పుట్టీతో పూడ్చడం కంటే మిగిలిన మొటిమని గీకడం సులువు.

తర్వాత మోల్డ్ లైన్లు. అచ్చు రెండు సగాలు కలిసిన చోట సన్నటి గీత ఒకటి బొమ్మ చుట్టూ ఉంటుంది. కాళ్ల పక్కల, భుజాల మీద, హెల్మెట్ నడినెత్తిన, కత్తి అంచు వెంట వెతకండి. బొమ్మని దీపం కింద అటూ ఇటూ తిప్పితే మెరుస్తుంది. హాబీ కత్తిని నిలువుగా పట్టుకుని, కోయకుండా, అంచుతో మెల్లగా గీకండి. కత్తి వీపుతో గీకినా పనవుతుంది, తెగే ప్రమాదం తక్కువ. ఈ పని విసుగు పుట్టిస్తుంది, అందుకే అందరూ వదిలేస్తారు. కానీ వదిలేసిన గీతని వాష్ నల్లగా చూపిస్తుంది, డ్రై బ్రష్ తెల్లగా చూపిస్తుంది. రంగు దాన్ని దాచిపెడుతుందనే ఆశ పెట్టుకోవద్దు.

ప్లాస్టిక్ సిమెంట్ రెండు వైపులా ప్లాస్టిక్‌ని కరిగించి ఒకటి చేస్తుంది. అందుకే ఒక చుక్క చాలు. ఎక్కువైతే అతుకులోంచి బయటికి ఉబికి, తగిలిన చోటల్లా వివరాలని తినేస్తుంది. ఉబికిన దాన్ని వేలితో తుడిస్తే ఆ వేలిముద్రే ప్లాస్టిక్ మీద అచ్చవుతుంది. ముట్టుకోకుండా ఆరనిచ్చి, మర్నాడు కత్తితో గీకేయండి. లోహానికి, రెసిన్‌కి ప్లాస్టిక్ సిమెంట్ పనిచేయదు. వాటికి సూపర్ గ్లూ వాడాలి.

మీ బొమ్మకి డాలు ఉండి, అది ఛాతీకి అడ్డుగా వచ్చేటట్టుంటే దాన్ని ఇప్పుడే అతికించకండి, విడిగా రంగు వేసి చివర్లో పెట్టండి. అయితే అతుక్కోవాల్సిన చోట ఒక చిటికెడు బ్లూ టాక్ (అంటించి మళ్లీ తీసేయగలిగే మెత్తటి జిగురు ముద్ద) అంటించి ఉంచండి. ప్లాస్టిక్ సిమెంట్ రంగు పూత మీద పట్టదు, దానికి ఖాళీ ప్లాస్టిక్ కావాలి.

అన్నీ అయ్యాక బొమ్మని గోరువెచ్చటి నీళ్లలో ఒక చుక్క గిన్నెల సబ్బు వేసి, పాత టూత్‌బ్రష్‌తో కడిగి ఆరబెట్టండి. అచ్చు నుంచి సులువుగా ఊడిరావడానికి పూసే జిడ్డు, మీ వేళ్ల జిడ్డు పోవాలి. రెసిన్ బొమ్మకైతే ఇది తప్పనిసరి. నీళ్లు వేడిగా ఉంటే పలచటి కత్తులు, ఈటెలు వంగిపోతాయి.

ఆరిన బొమ్మని ఒక పాత సీసా మూత మీద బ్లూ టాక్‌తో నిలబెట్టండి. ఇక చివరిదాకా మూతనే పట్టుకోవాలి, బొమ్మని కాదు. చేతులతో తాకితే జిడ్డు అంటుతుంది, మొనల దగ్గర రంగు రాలుతుంది.

ప్రైమర్

యాక్రిలిక్ రంగు నున్నటి ప్లాస్టిక్ మీద నేరుగా నిలవదు, గోరు తగిలితే పొరలా లేచిపోతుంది. ప్రైమర్ దానికి పట్టునిస్తుంది. నల్లటి ప్రైమర్ మీద నీడలు వాటంతటవే వస్తాయి, కానీ వివరాలు కనిపించక కళ్లు లాగుతాయి, లేత రంగులు నిలవడానికి నాలుగైదు పూతలు పడతాయి. తెల్లటి దాని మీద రంగులు మెరుస్తాయి, కానీ వేయడం మరిచిన ప్రతి మూలా బయటపడుతుంది. మొదటి బొమ్మకి బూడిద రంగు తీసుకోండి.

స్ప్రే డబ్బా అయితే లోపల గోళీ కదిలే చప్పుడు మొదలైన దగ్గర్నుంచి రెండు నిమిషాలు ఊపండి. బొమ్మకి 20 నుంచి 30 సెం.మీ. దూరంలో పట్టుకోండి. స్ప్రే బొమ్మ పక్కన గాలిలో మొదలై, బొమ్మ మీదుగా వెళ్లి, అవతలి గాలిలో ఆగాలి. నాజిల్ నొక్కిన క్షణంలోనూ వదిలిన క్షణంలోనూ పెద్ద బొట్లు ఎగురుతాయి, అవి బొమ్మ మీద పడకూడదు. ఒక్కో విసురు సెకనుకి మించనివ్వకండి. బొమ్మని తిప్పుతూ పలచటి పూత ఒకటి, పావుగంట ఆగి ఇంకొకటి. బొమ్మని తలకిందులు చేసి చంకల కింద, కేప్ లోపల కూడా చూడండి. రెండో పూత తర్వాత కూడా అక్కడక్కడా ప్లాస్టిక్ రంగు తొంగిచూస్తే కంగారు పడకండి, ఆ చోట్ల కుంచెతో నల్లరంగు తాకిస్తే సరిపోతుంది. అంతా కప్పేయాలని మూడో పూత, నాలుగో పూత కొడితే ముఖం పూడుకుపోతుంది.

ఆరుబయట, లేదా గాలి బాగా ఆడే చోట, మాస్కుతో కొట్టండి. వాతావరణం కూడా చూసుకోవాలి. గాలిలో తేమ బాగా ఎక్కువగా ఉన్న రోజు, వాన పడే రోజు ప్రైమర్ జోలికి వెళ్లొద్దు. తేమ వల్ల పూత మసకబారుతుంది, గరుకు తేలుతుంది. ఎండ మండిపోతున్నప్పుడు, లేదా డబ్బాని మరీ దూరం నుంచి పట్టుకున్నప్పుడు తుంపర్లు గాలిలోనే ఆరిపోయి, బొమ్మ మీద ఇసుక చల్లినట్టు పేరుకుంటాయి. ఆ గరుకు తర్వాత పోదు, బొమ్మని మొత్తం శుభ్రం చేసి మళ్లీ మొదలుపెట్టాల్సిందే. అందుకే ప్రతిసారీ ముందు ఒక పనికిరాని స్ప్రూ ముక్క మీద కొట్టి, ఆరాక వేలితో తడిమి చూడండి. నున్నగా ఉంటేనే బొమ్మని బయటికి తీయండి.

స్ప్రే కుదరని చోట కుంచెతో పూసే ప్రైమర్ దొరుకుతుంది. రెండు పలచటి పూతలు వేసి రాత్రంతా వదిలేయాలి. తొందరపడి రెండు గంటలకే రంగు మొదలుపెడితే అది ముద్దగా ఊడివస్తుంది.

వెట్ పాలెట్, రంగు పలచదనం

మూత గట్టిగా పడే ఒక చదునైన డబ్బా, అందులో పట్టేటట్టు పలచటి స్పాంజి లేదా నాలుగు మడతల టిష్యూ, దాని మీద బేకింగ్ పేపర్. ఇదే వెట్ పాలెట్. స్పాంజి నిండా నానాలి, కానీ నీరు పైకి నిలవకూడదు. డబ్బా వంచితే నీరు ఒక మూలకి పారుతోందంటే ఎక్కువైనట్టు, వంపేయండి. కాగితం కింద బుడగలు లేకుండా వేలితో సర్దండి. మైనం పూసిన కాగితం పనికిరాదు, అది తడిని పైకి రానివ్వదు. ఇలా చేస్తే పలకమీద పది నిమిషాల్లో ఆరిపోయే రంగు కొన్ని గంటలు వాడుకునేటట్టు ఉంటుంది. లోహపు రంగుని, వాష్‌ని మాత్రం దీని మీద వేయకండి. లోహపు రేకులు తడికి విడిపోయి కాగితమంతా పాకుతాయి. వాటికి పాత ప్లాస్టిక్ మూతో, టైలు ముక్కో చాలు.

సీసాని బాగా ఊపి రెండు చుక్కల రంగు, ఒక చుక్క నీరు వేసి కలపండి. ఇది మొదలు మాత్రమే, బ్రాండుని బట్టి, సీసా పాతదా కొత్తదా అన్నదాన్ని బట్టి మారుతుంది. పరీక్షకి మీ బొటనవేలి గోరు ఉంది. దాని మీద ఒక గీత గీయండి. గీతలో కుంచె వెంట్రుకల చారలు కనిపిస్తే ఇంకా చిక్కగా ఉంది. గీత రెండు అంచులూ విచ్చుకుని గోరు పక్కనున్న చర్మంలోకి పారితే నీరెక్కువైంది. గీత ఎక్కడ గీశామో అక్కడే నిలిచి, కింద గోరు లీలగా కనిపిస్తే అది బొమ్మకి సిద్ధం.

ఇక కుంచెని ఎలా నింపాలో. వెంట్రుకల పొడవులో సగం దాకానే రంగులో ముంచండి. వెంట్రుకలు లోహపు పట్టీలోకి వెళ్లే చోటికి రంగు చేరితే అక్కడ ఆరి గట్టిపడి, కుంచె కొస రెండుగా చీలిపోతుంది. తర్వాత టిష్యూకి కుంచె పక్కని ఒకసారి తాకించండి. సరిగ్గా కలిపిన రంగు కూడా ఈ ఒక్క పని చేయకపోతే బొట్టులా దిగిపోతుంది. ఆపైన పాలెట్ మీద కుంచెని తిప్పుతూ లాగితే కొస సూదిగా వస్తుంది. కొసని నోట్లో పెట్టి సన్నం చేసే అలవాటు చాలామందికి ఉంది, మీరు దాన్ని నేర్చుకోవద్దు.

మొదటి పూత మచ్చలు మచ్చలుగా, కింది బూడిద రంగు కనిపిస్తూ అధ్వానంగా ఉంటుంది. ఉండాల్సింది అలాగే. ఐదు పది నిమిషాలు ఆగి రెండోది, కావాలంటే మూడోది వేస్తే సమంగా కప్పుతుంది. సగం ఆరిన రంగు మీద మళ్లీ కుంచె పెడితే కింది పొర చిరిగి అంచులు లేస్తాయి. తప్పు కనిపించినా ముట్టుకోకుండా ఆరనిచ్చి, దాని మీద వేయాలి.

బేస్ కోట్: లోపలి నుంచి బయటికి

బేస్ కోట్ అంటే ప్రతి భాగానికీ దాని అసలు రంగు వేయడం. ఒంటికి ఆనుకుని ఉన్నవి ముందు, పైకి పొడుచుకొచ్చినవి తర్వాత. మనం బట్టలు వేసుకునే వరసే. అంటే కవచం, ముఖం, ఆ తర్వాత కేప్, బెల్టు, బూట్లు, చివర కత్తి. ఇలా చేస్తే బెల్టు వేసేటప్పుడు కవచాన్ని చెడగొట్టే అవకాశం తగ్గుతుంది.

కవచానికి, కత్తికి ముందు నలుపు వేసి, దాని మీద ఉక్కు రంగు. లోహపు రంగుకి కింద నలుపు ఉంటే లోతు వస్తుంది, బూడిద రంగు మీద వేస్తే వెల్లవేసినట్టుంటుంది. లోహపు రంగుని మరీ పలచన చేయకండి, రేకులు ఒకచోటికి చేరిపోతాయి. ఒక్క చుక్క నీరు చాలు.

కేప్‌కి నేరుగా ఎరుపు వేస్తే నాలుగు పూతలైనా కింది రంగు పైకి కొడుతూనే ఉంటుంది. చాలా ఎరుపు, పసుపు రంగుపొడులు సహజంగానే పారదర్శకంగా ఉంటాయి, లోపం మీ చేతిలో లేదు. ముందు ముదురు ఎర్ర గోధుమ రంగు రెండు పూతలు వేసి, దాని మీద ఎరుపు వేయండి. మడతల లోతుల్లో గోధుమ రంగు కొంచెం మిగిలినా నీడలా పనికొస్తుంది. పసుపు వేయాల్సి వస్తే కింద లేత గోధుమ రంగు, తెలుపుకి కింద లేత బూడిద రంగు వేయండి.

ముఖానికి చర్మపు రంగు రెండు పూతలు వేయాలి. కళ్లు వేయాలనుకుంటే ఈ దశలోనే వేయండి, తర్వాత కాదు. కంటి గుంటలో ముదురు గోధుమ అడ్డంగా ఒక గీత, దాని మీద ఎముక తెలుపు కొంచెం సన్నటి గీత, మధ్యలో పై రెప్ప నుంచి కింది రెప్ప దాకా నిలువుగా ఒక నల్లగీత. నల్ల చుక్క తెలుపు మధ్యలో తేలుతూ పెడితే సైనికుడు భయపడి గుడ్లు తేలేసినట్టుంటాడు. గీత రెండు రెప్పలకీ తాకితే చూపు కుదురుతుంది. తెలుపు పొంగిపోయి చెంప మీదికి వచ్చినా చర్మపు రంగుతో చుట్టూ కోసుకురావచ్చు. కళ్లు తర్వాత వేసినవాళ్లకి ఆ అవకాశం ఉండదు. అసలు కళ్లే వేయకపోయినా, గుంటలో వాష్ నీడ ఉంటే టేబుల్ అవతల కూర్చున్న ఆటగాడికి తేడా తెలియదు.

వాష్

వాష్ అంటే గుంటల్లోకి పారడానికే పలచగా చేసిన రంగు. సిటడెల్‌లో నల్లటిది నల్న్ ఆయిల్, గోధుమది ఆగ్రాక్స్ ఎర్త్‌షేడ్. మనకి గోధుమది ఒక్కటే చాలు, ఉక్కు మీద వేస్తే పాతబడిన మకిలి వస్తుంది, ముఖం మీద వేస్తే ముక్కు పక్కల, పెదవుల కింద నీడలు వస్తాయి. సీసా అడుగున రంగు పేరుకుంటుంది, కాబట్టి తెరిచే ముందు ఒక నిమిషం ఊపాలి.

బొమ్మంతా ఒకేసారి తడపకండి. ఒక భుజం, ఒక కాలు, ఇలా ఒక్కో భాగం తీసుకోండి. వాష్ వేసి, వెంటనే కడిగి టిష్యూకి అద్దిన తడి కుంచెతో, చదును చోట్ల నిలిచిన మడుగుల్ని పీల్చేయండి. మడుగుని అలాగే వదిలేస్తే ఆరేటప్పుడు రంగంతా అంచుకి చేరి, చుట్టూ ముదురు వలయం ఏర్పడుతుంది. మీకున్న సమయం ఒకటి రెండు నిమిషాలే. మెరుపు తగ్గడం మొదలైతే ఇక చేయి తీసేయాలి. ఆ తర్వాత కెలికితే వలయానికి తోడు చిరుగు కూడా పడుతుంది. కేప్ మీద మొత్తం కాకుండా మడతల లోతుల్లో మాత్రమే కుంచె కొసతో వేయండి.

అరగంట నుంచి గంట ఆగాలి. పైకి ఆరినట్టున్నా గుంటల్లో తడి ఉంటుంది. వలయం పడిందా? పెద్ద నష్టం లేదు. ఆ భాగానికి బేస్ కోట్‌లో వాడిన రంగునే పలచగా, ఎత్తుగా ఉన్న చోట్ల మాత్రం మళ్లీ వేయండి. గుంటలని వదిలేయండి. నిజానికి వలయం పడకపోయినా ఇలా వేయాల్సిందే, ఎందుకంటే వాష్ మొత్తం బొమ్మని మురికిగా మారుస్తుంది. ఈ రెండో రంగుతో కవచం, ముఖం ఒక్కసారిగా తేరుకుంటాయి.

వెలుగు పెట్టడం

గొలుసు కవచం, జుట్టు, బొచ్చు, రాయి లాంటి గరుకు చోట్లకి డ్రై బ్రష్ ఉంది. పొడి మేకప్ బ్రష్‌కి రంగు చిక్కగానే, నీరు కలపకుండా అద్ది, టిష్యూ మీద రుద్ది రుద్ది ఇక ఏమీ రావట్లేదనిపించే దాకా తీసేయండి. తర్వాత చేతి వెనక భాగం మీద లాగి చూడండి. చర్మం గీతలు మాత్రమే తెల్లబడితే సిద్ధం, చార పడితే ఇంకా రుద్దండి. బొమ్మ మీద పై నుంచి కిందికి, గొలుసు వరసలకి అడ్డంగా, తేలిగ్గా కదపండి. మరీ ఎండిపోయిన రంగు సుద్దలా రాలుతుంది. అలా అవుతోందంటే టిష్యూకి బదులు చెమ్మగా ఉన్న స్పాంజి మీద బ్రష్‌ని ఒకసారి తట్టి అప్పుడు వాడండి. ముఖానికి, కేప్‌కి డ్రై బ్రష్ వద్దు. నున్నటి చోట అది గీరినట్టు కనిపిస్తుంది.

కవచపు అంచులకి హైలైట్ వేయడానికి కుంచె కొసని కాకుండా పక్కభాగాన్ని వాడాలి. పలచటి లేత రంగుతో కుంచెని అంచుకి అడ్డంగా పెట్టి, అంచు వెంట లాగండి. అంచే గీతని గీసుకుంటుంది. వెలుగు పై నుంచి వస్తుంది కాబట్టి భుజాల మీది అంచులు, హెల్మెట్ అంచు, మోకాలి పైభాగం చాలు. అన్ని అంచులకీ వేస్తే బొమ్మ గీతల పటంలా మారుతుంది. కేప్‌కి ఎరుపులో కొంచెం చర్మపు రంగు కలిపి మడతల శిఖరాల మీద సన్నగా లాగండి. ఎరుపులో తెలుపు కలిపితే గులాబీ రంగు వస్తుంది, అది కేప్‌కి నప్పదు. ముఖంలో ముక్కు మొన, చెంప ఎముకలు, గడ్డం, కింది పెదవి మీద చర్మపు రంగులో చిటికెడు ఎముక తెలుపు కలిపి ఒక్కొక్క చుక్క పెట్టండి.

కాంట్రాస్ట్ రంగులు వాడితే?

2019లో సిటడెల్ రంగులు చేసే గేమ్స్ వర్క్‌షాప్ కాంట్రాస్ట్ రంగులు తెచ్చాక, తర్వాత వేరే కంపెనీలూ అదే తరహావి తెచ్చాయి. బేస్ కోట్, వాష్, హైలైట్ మూడింటి పనీ ఒకే పూతలో దాదాపు అయిపోతుంది. గుంటల్లో చిక్కబడి, శిఖరాల మీద పలచబడుతుంది. ముప్పై మంది సైనికుల్ని ఆటకి సిద్ధం చేయాలంటే ఇది మంచి దారి. షరతులు మూడు: కింద తెలుపు లేదా ఎముక తెలుపు ప్రైమర్ ఉండాలి, నీరు కలపకూడదు, ఒక భాగం మొదలుపెడితే ఆగకుండా అంచు దాకా పూర్తి చేయాలి. నీరు కలిపితే రంగు గుంటల్లోకి సరిగ్గా చేరదు, మచ్చలు పడతాయి. పలచన చేయాలంటే అదే కంపెనీ అమ్మే మీడియం వాడాలి. బండి, రాక్షసుడు లాంటి పెద్ద నున్నటి వాటికి ఇవి నప్పవు. పొరపాటున పక్క భాగం మీద పడితే ఆరిన తర్వాత అక్కడ ప్రైమర్ రంగు మళ్లీ వేసి సరిచేయాలి, లేకపోతే మరక పైకి కొడుతుంది.

బేస్, వార్నిష్

బేస్ మీద పీవీఏ జిగురు (ఫెవికోల్ లాంటి తెల్ల జిగురు) పూసి, సన్నటి ఇసుక చల్లి, అదనపుది దులిపి రాత్రంతా ఆరబెట్టండి. మర్నాడు సగం నీరు కలిపిన పీవీఏని చుక్కలుగా వదిలితే ఇసుక గట్టిపడుతుంది, తర్వాత డ్రై బ్రష్ చేసేటప్పుడు ఊడిరాదు. ముదురు గోధుమ వేసి, ఎముక తెలుపుతో తేలిగ్గా డ్రై బ్రష్ చేయండి. ఇది బొమ్మ పూర్తయ్యాక చేసే పని, కాళ్ల మీద చిందకుండా జాగ్రత్తగా చేయాలి. బేస్ అంచుని ఒకే రంగుతో, నలుపు లేదా ముదురు గోధుమతో రెండు పూతలు శుభ్రంగా వేయండి. అంచు చిందరవందరగా ఉంటే పైన ఎంత బాగా వేసినా పని సగంలో వదిలేసినట్టే ఉంటుంది.

వార్నిష్‌కి ముందు ఒక రోజు పూర్తిగా ఆరనివ్వండి. ప్రైమర్‌కి చెప్పిన వాతావరణపు నియమాలన్నీ మ్యాట్ (మెరుపు లేని) వార్నిష్ స్ప్రేకి రెట్టింపు వర్తిస్తాయి. తేమ ఉన్న రోజున, లేదా పూత మందమైనా బొమ్మ మీద తెల్లటి పొగమంచు కమ్ముతుంది. బేస్ మీద గడ్డి కుచ్చులని వార్నిష్ తర్వాతే అంటిస్తే అవి సహజంగా ఉంటాయి. పొగమంచు పట్టేస్తే చాలాసార్లు దాని మీద గ్లాసీ (మెరిసే) వార్నిష్ కుంచెతో పలచగా వేస్తే రంగులు తిరిగి కనిపిస్తాయి, అది ఆరాక మంచి రోజు చూసి మ్యాట్ వేయండి. కుంచెతో పూసే మ్యాట్ వార్నిష్ అయితే సీసాని మెల్లగా తిప్పి కలపండి, గట్టిగా ఊపితే నురగ వస్తుంది, ఆ బుడగలు పూతలో మిగిలిపోతాయి. మ్యాట్ వల్ల ఉక్కు మెరుపు చస్తుంది, కాబట్టి చివర్లో కత్తికి, కవచానికి మాత్రం గ్లాసీ వార్నిష్ ఒక పూత వేయండి.

కుంచెల సంరక్షణ, చెడిపోయిన బొమ్మ

పని మధ్యలో రెండు మూడు నిమిషాలకొకసారి కుంచెని నీళ్లలో కదపండి, ముగిశాక సబ్బుతో కడిగి కొసని వేళ్లతో సన్నం చేసి పడుకోబెట్టి ఆరనివ్వండి. నీళ్ల కప్పులో కొస మీద నిలబెట్టి వదిలేస్తే రాత్రికే వంగిపోతుంది.

మొదటి బొమ్మ ముద్దకట్టేసిందనిపిస్తే పారేయక్కర్లేదు. ప్లాస్టిక్, లోహపు బొమ్మల్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో కొన్ని గంటలు మూత పెట్టి నానబెట్టి, గ్లోవ్స్ వేసుకుని టూత్‌బ్రష్‌తో రుద్దితే రంగు పొరలుగా వస్తుంది. కిటికీ తెరిచి, నిప్పుకి దూరంగా చేయండి. గుంటల్లో ప్రైమర్ మరకలు మిగిలినా పరవాలేదు, మళ్లీ ప్రైమర్ వాటిని కప్పేస్తుంది. అసిటోన్‌ని మాత్రం ప్లాస్టిక్ దగ్గరికి రానివ్వకండి, అది రంగుతో పాటు బొమ్మనే కరిగిస్తుంది. నెయిల్ పాలిష్ రిమూవర్లు చాలావాటిలో ఉండేది అదే, కాబట్టి సీసా మీద చదివి చూసుకోండి. రెసిన్ బొమ్మైతే ఆల్కహాల్‌లో మొత్తం ముంచే ముందు బేస్ అడుగున ఒక చుక్క వేసి, పదిహేను నిమిషాల తర్వాత గోరుతో గీకి చూడండి. మెత్తబడితే ఆ బొమ్మకి ఈ పద్ధతి పనికిరాదు.